ఎథికల్ హ్యాకింగ్: ఏ పని, ఏ ల్యాబ్, ఏ సర్టిఫికెట్? ఎంచుకునే ముందు ఒక పోలిక

"సీఈహెచ్ మంచిదా, ఓఎస్‌సీపీ మంచిదా?" ఎథికల్ హ్యాకింగ్, అంటే యజమాని అనుమతితో సిస్టమ్‌లో లోపాలు వెతికే పని, నేర్చుకోవాలనుకునేవాళ్లు ఈ రెండు సర్టిఫికెట్ల గురించి నన్ను మొదట అడిగేది ఇదే. నేను తిరిగి ఒకటే అడుగుతాను: ఇప్పటిదాకా మీ సొంత ల్యాబ్‌లో ఒక్క మెషీన్‌నైనా స్కాన్ చేసి, అందులో ఏమేం నడుస్తున్నాయో చూశారా? ఎక్కువమంది లేదంటారు. అలాంటప్పుడు సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకోవడం ఈత రాకముందే ఏ పోటీకి పేరివ్వాలో ఆలోచించినట్టు ఉంటుంది. అందుకే ఈ పోలికలో సర్టిఫికెట్లను చివరికి నెట్టాను. ముందు ఏ పని చేయాలనుకుంటున్నారో తేలితే, ఏం నేర్చుకోవాలో, ఎక్కడ సాధన చేయాలో దాన్నిబట్టి తేలుతుంది.

టోపీ రంగు తేల్చేది అనుమతి

హ్యాకర్ అన్న మాట పుట్టినప్పుడు అందులో నేరం వాసన లేదు. 1950ల చివర్లో, 60లలో అమెరికాలోని ఎంఐటీలో బొమ్మ రైళ్ల క్లబ్బు ఒకటుండేది. ఒక యంత్రాన్ని, దాన్ని తయారుచేసినవాడు ఊహించని తీరులో తెలివిగా పనిచేయిస్తే ఆ క్లబ్బు కుర్రాళ్లు దాన్ని హ్యాక్ అనేవారు. ఆ కుతూహలమే ఇప్పటికీ ఈ పనికి ప్రాణం. అయితే కుతూహలం హద్దు దాటితే ఏమవుతుందో 1988 నవంబర్ 2న అందరికీ తెలిసొచ్చింది. రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన వర్మ్, అంటే తనంతట తానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకే ప్రోగ్రామ్, అప్పటి ఇంటర్నెట్‌లో దాదాపు 6,000 కంప్యూటర్లను, అంటే పదో వంతును, కుదేలు చేసిందని అంచనా. అతను ఫైళ్లు చెరపలేదు, డబ్బు కాజేయలేదు. అయినా 1990లో కోర్టు శిక్ష వేసింది. ఆ తర్వాత చదువు పూర్తిచేసి, ఎంఐటీలోనే ప్రొఫెసర్ అయ్యాడు.

మంచివాళ్లు తెల్ల టోపీ, దొంగలు నల్ల టోపీ, మధ్యలో ఉన్నవాళ్లు బూడిద టోపీ అంటూ హ్యాకర్లను మూడు రకాలుగా చెప్పడం మీరు వినే ఉంటారు. వీళ్లు వాడే టూల్స్‌లో తేడా వెతికితే దొరకదు. ఒక మెషీన్‌లో ఏ సర్వీసులు నడుస్తున్నాయో స్కాన్ చేసి చూపించే ఎన్‌మ్యాప్ 1997లో వచ్చింది. దాన్ని దొంగా వాడతాడు, కాపలావాడూ వాడతాడు. ఆ సిస్టమ్ యజమాని సరేనన్నాడా లేదా అన్న దగ్గరే దారులు చీలతాయి.

తెల్ల టోపీ అంటే ఎలా ఉండాలో చూపించడానికి నేను డాన్ కమిన్‌స్కీ పేరు చెబుతాను. వెబ్‌సైట్ల పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్‌లో 2008లో ఆయన ఒక ఘోరమైన లోపం కనిపెట్టారు. దాన్ని వాడుకుంటే, మీరు బ్యాంకు సైటు పేరు సరిగ్గానే టైప్ చేసినా మిమ్మల్ని దొంగ సర్వర్‌కు మళ్లించవచ్చు. ఆయన దాన్ని బయటపెట్టి పేరు కొట్టేయలేదు. పెద్ద పెద్ద తయారీ సంస్థలతో గుట్టుగా మాట్లాడి, జులై 8న అందరూ ఒకేసారి ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, విడుదల చేసేలా చూశారు.

బూడిద టోపీకి ఉదాహరణ 2013లో దొరుకుతుంది. ఫేస్‌బుక్‌లో స్నేహితులు కానివాళ్ల టైమ్‌లైన్ మీద కూడా రాయగలిగే లోపాన్ని పాలస్తీనాకు చెందిన ఖలీల్ ష్రేతే చూసి రిపోర్ట్ చేశాడు. ఇది బగ్ కాదని జవాబొచ్చింది. దాంతో అతను ఏకంగా మార్క్ జుకర్‌బర్గ్ టైమ్‌లైన్ మీదే రాసి చూపించాడు. లోపం నిజమే, ఉద్దేశమూ మంచిదే. కానీ వేరేవాళ్ల ఖాతా మీద నిరూపించాడు కాబట్టి కంపెనీ బౌంటీ, అంటే లోపం చూపినందుకు ఇచ్చే బహుమతి, ఇవ్వలేదు. నాకు అతని మీద కోపం రాదు, బాధేస్తుంది. మొదటి రిపోర్టులో వివరాలు సరిపడా లేవు, అవతలివాళ్లు కూడా అడగలేదు. రిపోర్ట్ రాయడం ఎంత ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది, ఈ సంగతి మళ్లీ వస్తుంది.

అనుమతి ఉంటే చాలా అంటే, అది ఎవరిచ్చారన్నదీ చూడాలి. 2019 సెప్టెంబర్‌లో అమెరికాలోని ఐయోవా రాష్ట్రంలో ఒక సెక్యూరిటీ కంపెనీ ఉద్యోగులు ఇద్దరు రాత్రిపూట కోర్టు భవనంలోకి దూరారు. భద్రత ఎలా ఉందో పరీక్షించమని రాష్ట్ర న్యాయ విభాగం రాసిచ్చిన కాంట్రాక్టు వాళ్ల దగ్గరుంది. కానీ ఆ భవనం కౌంటీది, అంటే మన జిల్లాలాంటి స్థానిక పాలనది, దాని మీద రాష్ట్రానికి ఆ అధికారం లేదని అక్కడి పోలీసు అధికారి అయిన షెరిఫ్ ఇద్దరినీ జైల్లో పెట్టాడు. కేసు కొట్టేసేసరికి 2020 జనవరి వచ్చింది. చేతిలో కాగితం ఉన్నవాళ్లకే ఇంత టెన్షన్ తప్పలేదు.

నేనూ ఒకసారి తప్పు చేశాను. నేర్చుకునే రోజుల్లో, పనిచేసే చోట నెట్‌వర్క్‌ను ఎవరినీ అడక్కుండా ఎన్‌మ్యాప్‌తో స్కాన్ చేశాను. ఏ సర్వీసు ఏ వెర్షనో కనుక్కునేటప్పుడు ఎన్‌మ్యాప్ కొన్ని పోర్టులను, అంటే ఒక్కో సర్వీసు వాడే నంబరున్న తలుపులను, తనంతట తానే వదిలేస్తుంది. వాటిని కూడా వదలొద్దనే ఆప్షన్ పెట్టాను. అది ఎందుకు వదిలేస్తుందో మాన్యువల్లో చదవలేదు. కాసేపటికి పక్క గదిలో ఉన్న పాత ప్రింటర్ అర్థంకాని అక్షరాలతో కాగితం మీద కాగితం అచ్చేయడం మొదలుపెట్టింది. పోర్టు 9100కు ఏం పంపినా కొన్ని ప్రింటర్లు దాన్ని అచ్చేయాల్సిన పనిగానే తీసుకుంటాయని ఆరోజు తెలిసింది. నష్టం ఒక కాగితాల కట్ట మాత్రమే. అదే ప్రింటర్ బదులు ఆసుపత్రిలో ఒక పరికరం అయ్యుంటే? ఆ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి మొదటి ఎంపిక ఇక్కడే చేసేయండి. మీ సొంత మెషీన్, సాధన కోసమే పెట్టిన ల్యాబ్, లేదా 'మా ఈ సైటును పరీక్షించండి' అని కంపెనీ తానే రాసి పెట్టిన బౌంటీ ప్రోగ్రామ్. వీటి బయట చెయ్యి పెట్టకండి. స్నేహితుడి వైఫై అయినా సరే, ముందు అడగండి.

మూడు ఉద్యోగాలు, మూడు రకాల రోజులు

ఎథికల్ హ్యాకర్ అనగానే అందరూ ఒకటే బొమ్మ గీసుకుంటారు. నిజానికి ఇందులో పనులు చాలా ఉన్నాయి, ఎంచుకోవాల్సినవి ప్రధానంగా మూడు: పెంటెస్టర్, బగ్ బౌంటీ హంటర్, సాక్ అనలిస్ట్.

పెంటెస్టర్ అంటే కంపెనీ పిలిచి, ఫలానా సిస్టమ్‌లోకి వెళ్లగలవేమో చూడు అని అప్పగించిన మనిషి. గడువు ఉంటుంది, మామూలుగా ఒకటి రెండు వారాలు. ఏది ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో, ఏ వేళల్లో చేయాలో, ఏదైనా ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసుకుంటారు. చివర్లో రిపోర్ట్ ఇవ్వాలి. కంపెనీ చేతికి వచ్చేది ఆ రిపోర్ట్ ఒక్కటే, మీరు రాత్రంతా మేల్కొని ఎంత కష్టపడి లోపలికి వెళ్లారన్నది వాళ్లకు కనిపించదు. నా మొదటి రిపోర్టులో "సర్వర్‌లో ఎస్‌ఎంబీ సైనింగ్ తప్పనిసరి కాదు" అని ఒక వాక్యం రాసి, తీవ్రత మధ్యస్థం అని పెట్టి ఊరుకున్నాను. అది చదివిన మేనేజర్ "అయితే మాకేంటి నష్టం?" అని పక్కన రాసి తిప్పి పంపారు. రెండోసారి ఇలా రాశాను: "మీ ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చిన ఎవరైనా, పాస్‌వర్డ్ తెలియకుండానే, ఒక ఉద్యోగి లాగిన్‌ను మధ్యలో పట్టుకుని ఆ ఉద్యోగి పేరుతో ఫైల్ సర్వర్‌లోకి వెళ్లగలరు. ఈ సెట్టింగ్ మారిస్తే ఆ దారి మూసుకుపోతుంది." ఆ వారమే సెట్టింగ్ మారింది. లోపం రెండుసార్లూ ఒకటే. రాయడం ఇష్టం లేనివాళ్లు ఈ ఉద్యోగం ఎంచుకునే ముందు బాగా ఆలోచించాలి, ఎందుకంటే పనిరోజుల్లో పెద్ద భాగం దానికే పోతుంది.

బగ్ బౌంటీ పాత ఆలోచనే. 1995లో నెట్‌స్కేప్ తన బ్రౌజర్‌లో లోపాలు చూపినవాళ్లకు బహుమతి ఇస్తామంది. 2010లో గూగుల్ తన వెబ్ సర్వీసులకు ఇలాంటిది పెట్టింది. తర్వాత హ్యాకర్‌వన్, బగ్‌క్రౌడ్ లాంటి వేదికలు వచ్చి వేల ప్రోగ్రామ్‌లను ఒకచోట చేర్చాయి. 2016లో అమెరికా రక్షణ శాఖే 'హ్యాక్ ద పెంటగాన్' అని పిలుపిచ్చింది. బాస్ లేడు, వేళలు లేవు, డిగ్రీ అడిగేవాడు లేడు. ఇదంతా నిజమే. కానీ కొత్తవాళ్లకు ఎవరూ గట్టిగా చెప్పని సంగతి 'డూప్లికేట్' అన్న మాట. మూడు రోజులు తవ్వి మీరు పట్టుకున్న లోపాన్ని ఇంకొకరు గంట ముందే పంపి ఉంటే మీకు ఒక్క పైసా రాదు. సులభంగా దొరికే లోపాల కోసం ప్రపంచమంతా ఒకే సైటు మీద పడి వెతుకుతూ ఉంటుంది. ఇంటి ఖర్చు దీని మీద నడవాలంటే మనసు నలిగిపోతుంది. ఇంకో ఆదాయం ఉన్నవాళ్లకు, చదువుకుంటున్నవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచి బడి లేదు, ఎందుకంటే ఇక్కడ టార్గెట్లు నిజమైనవి, అనుమతీ నిజమైనదే.

మూడోది సాక్. సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లో కూర్చుని, కంపెనీ సిస్టమ్స్ నుంచి వచ్చే లాగ్‌లనూ అలర్ట్‌లనూ చూస్తూ, ఏది నిజమైన దాడో ఏది ఉత్తుత్తి గోలో తేల్చే పని. షిఫ్టులు ఉంటాయి, రాత్రి డ్యూటీలు తప్పవు. అలర్ట్‌లలో చాలా భాగం ఉత్తుత్తివే. సినిమాల్లో చూపించే హ్యాకింగ్ ఇందులో ఏమీ ఉండదు కాబట్టి చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. నేను మాత్రం మొదటి ఉద్యోగంగా ఎక్కువమందికి ఇదే చెబుతాను. దాడి అవతలి వైపు నుంచి ఎలా కనిపిస్తుందో రోజూ చూసినవాడు తర్వాత పెంటెస్టర్ అయితే, ఏం చేస్తే ఎక్కడ గుర్తు మిగులుతుందో అతనికి ముందే తెలుసు. కొత్తవాళ్లను తీసుకునే ఖాళీలు కూడా పెంటెస్ట్ కంటే ఇక్కడే ఎక్కువ.

కాపలా పని ఎంత విలువైందో 2017 చూపించింది. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలో ప్యాచ్ ఇచ్చింది. అదే లోపాన్ని వాడుకుని మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను తాళం వేసేసింది. మధ్యలో రెండు నెలల సమయం ఉంది. ప్యాచ్ వేసుకున్నవాళ్లు ఆ లోపం దారిలో వచ్చిన దాడి నుంచి బయటపడ్డారు. దాన్ని ఆపిన మార్కస్ హచిన్స్ కూడా దాడి చేసేవాడిగా ఆపలేదు. మాల్‌వేర్‌ను విడదీసి చదువుతూ, అది ఒక వింత డొమైన్ పేరు కోసం వెతుకుతోందని గమనించి ఆ పేరును రిజిస్టర్ చేశాడు, వ్యాప్తి ఆగిపోయింది. అదే హచిన్స్‌ను కొన్ని నెలలకే, అంతకు చాలా ముందు కుర్రతనంలో రాసిన బ్యాంకింగ్ మాల్‌వేర్ కేసులో అరెస్టు చేశారు. ఎప్పుడో చేసిన పనులు కూడా ఈ రంగంలో వెంటాడతాయి.

వెబ్‌తో మొదలుపెట్టాలా, నెట్‌వర్క్‌తోనా?

నా సలహా వెబ్. ఎందుకో ఒక చిన్న ఉదాహరణతో చెబుతాను. ల్యాబ్‌లో ఒక షాపింగ్ సైటులో లాగిన్ అయ్యారు, మీ ఆర్డర్ తెరిచారు. అడ్రస్ బార్‌లో చివర 1042 అని ఉంది. దాన్ని 1043 చేసి ఎంటర్ కొట్టారు. వేరొకరి పేరు, అడ్రస్, ఫోన్ నంబరు, కొన్న వస్తువులు తెర మీదకు వచ్చేశాయి. మీరు లాగిన్ అయ్యారా అని సర్వర్ చూసింది కానీ, ఆ ఆర్డర్ మీదేనా అని చూడలేదు. ఒక్క లైను కోడ్ రాయకుండా ఒక పెద్ద లోపాన్ని పట్టుకున్నారు. ఇలాంటి వాటన్నిటినీ యాక్సెస్ కంట్రోల్ లోపాలు అంటారు. వెబ్ అప్లికేషన్లలో వచ్చే ప్రమాదాల మీద, సాఫ్ట్‌వేర్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ వేసిన 2021 జాబితాలో మొదటి స్థానం వీటిదే. ఈ పద్ధతిలో కారణం, ఫలితం వెంటనే కళ్లకు కడతాయి, కొత్తవాళ్లకు ఉత్సాహం నిలబడేది అందుకే. బౌంటీ ప్రోగ్రామ్‌లలో ఎక్కువ భాగం కూడా వెబ్ మీదే ఉంటుంది.

నెట్‌వర్క్ వైపు ఆకర్షణ వేరు. ఒక మెషీన్‌లోకి వెళ్లి, అక్కడ దొరికిన పాస్‌వర్డ్‌తో ఇంకో మెషీన్‌కు, అక్కడి నుంచి కంపెనీ మొత్తం లాగిన్‌లను నడిపే యాక్టివ్ డైరెక్టరీకి చేరడం. సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేసినవాళ్లు, సర్వర్లు ఎలా నడుస్తాయో తెలిసినవాళ్లు ఇక్కడ మొదలుపెడితే త్వరగా ఎదుగుతారు. మిగతావాళ్లకు మొదట్లో ఇది కొండంత కనిపిస్తుంది. మొబైల్ యాప్‌లు, క్లౌడ్ ఈ రెండూ వచ్చాక చూసుకోవచ్చు.

ఏ వైపు వెళ్లినా తప్పించుకోలేనివి కొన్ని ఉన్నాయి: ఐపీ అడ్రస్, పోర్టు, డీఎన్ఎస్, హెచ్‌టీటీపీ ఎలా పనిచేస్తాయో తెలియాలి, లినక్స్ కమాండ్ లైన్‌లో చెయ్యి ఆడాలి. ప్రోగ్రామింగ్ విషయంలో పైథాన్‌తో మొదలుపెట్టండి, వెబ్ అయితే జావాస్క్రిప్ట్ చదివి అర్థం చేసుకోగలిగేంత నేర్చుకోండి.

బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య నిలబడి మాటలు వినే టూల్‌గా బర్ప్ సూట్, జాప్ రెండూ ఉన్నాయి. జాప్ పూర్తిగా ఉచితం. బర్ప్ ఉచిత వెర్షన్‌లో పనిని సేవ్ చేసుకోలేరు, కొన్ని పనులు కావాలనే నెమ్మదిగా నడుస్తాయి. అయినా బర్ప్ నేర్చుకోండి. పాఠాలు, రిపోర్టులు, తోటి ఉద్యోగుల మాటలు అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

సాధన ఎక్కడ

ఈ వ్యాసంలో మీరు ఎక్కువ సమయం పెట్టాల్సిన ఎంపిక ఇదేనని నా నమ్మకం. ఏ సర్టిఫికెట్ చేసినా చేయకపోయినా, ఇక్కడ గడిపిన గంటలే రేపు ఇంటర్వ్యూలో మాట్లాడతాయి.

లినక్స్ కొత్తయితే ఓవర్‌ద‌వైర్‌లోని బ్యాండిట్ అనే ఆన్‌లైన్ ఆటతో మొదలుపెట్టండి. ఉచితం, అకౌంట్ కూడా అక్కర్లేదు. ప్రతి మెట్టులో తర్వాతి మెట్టు పాస్‌వర్డ్ దాచి ఉంటుంది. మొదట్లోనే ఒక మెట్టులో పాస్‌వర్డ్ ఉన్న ఫైలు పేరు ఒక అడ్డగీత, అంటే డాష్, అంతే. ఫైలులో ఉన్నది చూపించే 'క్యాట్' కమాండ్ కొట్టి పక్కన డాష్ పెడితే తెర కదలకుండా నిలిచిపోతుంది. కంప్యూటర్ హ్యాంగ్ అయిందని చాలామంది కంగారుపడి విండో మూసేస్తారు. జరిగింది ఏమిటంటే, ఆ కమాండ్‌కు డాష్ అంటే ఫైలు పేరు కాదు, 'కీబోర్డు నుంచి తీసుకో' అని అర్థం. అది మీరు టైప్ చేస్తారని ఎదురుచూస్తోంది. డాష్‌కు ముందు చుక్క, స్లాష్ పెట్టి, 'ఇదే ఫోల్డర్‌లో ఉన్న డాష్ అనే ఫైలు' అని చెబితే పాస్‌వర్డ్ వచ్చేస్తుంది. మీరు అనుకున్నదానికీ ప్రోగ్రామ్ అర్థం చేసుకున్నదానికీ మధ్య ఉండే ఈ సందులోంచే రేపు మీరు చూడబోయే లోపాల్లో చాలావరకు పుడతాయి. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ కూడా మూలంలో ఇదే కథ: పేరు అనుకుని తీసుకున్న అక్షరాలను డేటాబేస్ ఆజ్ఞ అనుకుంటుంది.

ట్రైహ్యాక్‌మీ, హ్యాక్ ద బాక్స్ అనే రెండు సాధన సైట్ల మధ్య ఏది అన్నది రెండో ప్రశ్న. ట్రైహ్యాక్‌మీ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది: పాఠం, ప్రశ్న, చిన్న పని, మళ్లీ పాఠం. బ్రౌజర్‌లోనే మెషీన్ తెరుచుకుంటుంది కాబట్టి పాత ల్యాప్‌టాప్ ఉన్నా నడుస్తుంది. హ్యాక్ ద బాక్స్ అసలు మెషీన్లు అలా కావు. ఒక ఐపీ అడ్రస్ ఇచ్చి వదిలేస్తాయి. ఒకప్పుడు అందులో చేరాలంటేనే ఇన్విటేషన్ కోడ్‌ను మనమే ఛేదించుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు వాళ్ల దగ్గరా పాఠాలు ఉన్నాయి కానీ, ఆ మొండితనం మెషీన్లలో అలాగే ఉంది. మొదటి మూడు నాలుగు నెలలు ట్రైహ్యాక్‌మీ, ఆ తర్వాత హ్యాక్ ద బాక్స్ అని నా లెక్క. ట్రైహ్యాక్‌మీలోనే ఏడాది దాటితే మాత్రం జాగ్రత్త. సూచనలు చదివి చేయడం అలవాటైపోయి, సూచన లేని చోట చెయ్యి ఆగిపోతుంది. ఇది చాలామందిలో చూశాను.

వెబ్ ఎంచుకున్నవాళ్లు పోర్ట్‌స్విగర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీని వదలొద్దు. బర్ప్ తయారుచేసినవాళ్లదే, పూర్తిగా ఉచితం. ప్రతి రకం లోపానికి వివరణ, దాని పక్కనే చేసి చూడటానికి ల్యాబ్. డబ్బు కట్టే కోర్సులు చాలా చూశాను, వెబ్ విషయంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ.

వీటితో పాటు సొంత ల్యాబ్ కూడా పెట్టుకోండి. మీ కంప్యూటర్ లోపలే వేరే కంప్యూటర్లను నడిపే వర్చువల్‌బాక్స్‌లో రెండు మెషీన్లు: దాడి చేసేది ఒకటి, కావాలనే లోపాలతో తయారుచేసిన మెటాస్‌ప్లాయిటబుల్ 2 ఇంకొకటి. 8 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది, 16 ఉంటే హాయిగా ఉంటుంది. నెట్‌వర్క్ సెట్టింగ్‌లో హోస్ట్ ఓన్లీ ఎంచుకోండి. బ్రిడ్జ్‌డ్ పెడితే ఆ లోపాల పుట్ట మీ ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చి కూర్చుంటుంది.

ఈ మెషీన్‌ను ఎన్‌మ్యాప్‌తో స్కాన్ చేస్తే పోర్టు 21 మీద వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4 అనే ఫైళ్లు పంపుకునే సర్వర్ సాఫ్ట్‌వేర్ కనిపిస్తుంది. దీని వెనక ఒక చరిత్ర ఉంది. 2011లో ఎవరో ఈ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ ఫైలునే మార్చేసి, లోపల దొంగ తలుపు పెట్టారు. లాగిన్ పేరు చివర నవ్వు ముఖం, అంటే కోలన్, బ్రాకెట్ గుర్తులు పెడితే చాలు, పోర్టు 6200 తెరుచుకుని సర్వాధికారాలున్న షెల్, అంటే కమాండ్లు కొట్టే చోటు, ఇచ్చేస్తుంది. సిద్ధంగా ఉన్న దాడులను నడిపించే మెటాస్‌ప్లాయిట్ అనే టూల్‌లో ఇది రెండు మూడు కమాండ్ల పని. మీరు మాత్రం మొదటిసారి దాన్ని ముట్టుకోకండి. రెండు టెర్మినల్ విండోలు తెరవండి. ఒకదాంట్లో చేత్తో లాగిన్ పేరు, ఏదో ఒక పాస్‌వర్డ్ కొట్టండి, రెండోదాంట్లో 6200కు కనెక్ట్ అవండి. అప్పుడు టూల్ మీ తరఫున చేస్తున్న పని ఏమిటో అర్థమవుతుంది. టూల్ పనిచేయని రోజు మిమ్మల్ని ఆదుకునేది ఈ అర్థం కావడమే.

కాలీనా, ప్యారటా?

ఇవి రెండూ హ్యాకింగ్ టూల్స్‌తో సిద్ధంగా వచ్చే లినక్స్ రకాలు. ఏది మేలన్న దాని మీద జరిగే వాదనలకు అంత విలువ లేదు. రెండూ డెబియన్ అనే లినక్స్ మీద కట్టినవే, టూల్స్ దాదాపు అవే. కాలీ 2013లో, అంతకు ముందున్న బ్యాక్‌ట్రాక్ అనే లినక్స్ స్థానంలో వచ్చింది, పాఠాలన్నీ దాని మీదే ఉంటాయి కాబట్టి అడ్డంకి వస్తే జవాబు త్వరగా దొరుకుతుంది. ప్యారట్ తక్కువ బలమున్న కంప్యూటర్‌లో కాస్త తేలిగ్గా నడుస్తుంది. లినక్స్ కొత్తయినవాళ్లు దేన్నీ ల్యాప్‌టాప్‌లో నేరుగా వేసుకోకండి. లినక్స్‌తో పరిచయం లేనివాళ్లకు ఇది తగింది కాదని కాలీ వాళ్లే రాసి పెట్టారు. వర్చువల్ మెషీన్‌లో ఉంచుకుని, రోజువారీ పనికి ఉబుంటు లాంటిది వాడుతూ లినక్స్‌కు అలవాటుపడండి. ఫోల్డర్ల పర్మిషన్లు తెలియకుండా కాలీ వేసుకోవడం నేల విడిచి సాము చేయడమే.

ఇక సర్టిఫికెట్లు

సీఈహెచ్ ఇసి కౌన్సిల్ అనే సంస్థది. నాలుగు గంటల్లో 125 ప్రశ్నలు, నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం. పరిధి చాలా విశాలం, లోతు తక్కువ. చేసి చూపించే పరీక్ష కావాలంటే ఆరు గంటల ప్రాక్టికల్ విడిగా ఉంది. ఉద్యోగ ప్రకటనల్లో దీని పేరు బాగా కనిపిస్తుంది, రెజ్యూమెలు వడపోసేవాళ్లకు ఇది తెలుసు. ఆ ఒక్క కారణానికి చేసేవాళ్లను తప్పుపట్టను. కానీ ఇది పాసైతే హ్యాకింగ్ వచ్చేసినట్టే అనుకుని వచ్చినవాళ్లు మొదటి ప్రాక్టికల్ ఇంటర్వ్యూలో చాలా ఇబ్బందిపడతారు.

ఓఎస్‌సీపీ దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. 23 గంటల 45 నిమిషాలు, కెమెరా ముందు, ముందెన్నడూ చూడని మెషీన్లు. వాటిలో ఒక యాక్టివ్ డైరెక్టరీ గుంపు కూడా ఉంటుంది. 100కి 70 రావాలి. మెటాస్‌ప్లాయిట్‌ను ఒక్క మెషీన్ మీదే వాడనిస్తారు. అది అయ్యాక ఇంకో 24 గంటల్లో రిపోర్ట్ రాసి పంపాలి. మెషీన్లన్నీ సాధించినా రిపోర్టులో మెట్లు సరిగ్గా రాయకపోతే మార్కులు పోతాయి. 2024 నవంబర్ నుంచి దీనితో పాటు మూడేళ్లు చెల్లే ఓఎస్‌సీపీ ప్లస్ కూడా ఇస్తున్నారు. పెంటెస్ట్ ఉద్యోగం ఇచ్చేవాళ్లలో దీనికి ఉన్న గౌరవం న్యాయమైనదే. ఖర్చు మాత్రం భారీ, తప్పితే మనసుకు తగిలే దెబ్బ కూడా చిన్నది కాదు. తొందరపడొద్దు.

ఈ రెంటి మధ్య చాలామంది చూడకుండా దాటేసేది ఈజేపీటీ. 48 గంటల సమయం, 35 ప్రశ్నలు, జవాబులు మాత్రం ల్యాబ్‌లో మెషీన్లను పరీక్షించి తెచ్చుకోవాలి. నోట్స్ చూసుకోవచ్చు, ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు. నిజమైన పనిలోనూ అలాగే చేస్తాం కదా. మొదటి ప్రాక్టికల్ పరీక్షగా నేను దీన్నే చెబుతాను.

సాక్ వైపు వెళ్లేవాళ్లకు వీటిలో ఏదీ మొదటిది కాదు. వాళ్లకు సెక్యూరిటీ ప్లస్ అనే సర్టిఫికెట్. 90 నిమిషాలు, గరిష్ఠంగా 90 ప్రశ్నలు. దాడి చేయడం నేర్పదు కానీ ఎన్‌క్రిప్షన్, లాగిన్ పద్ధతులు, ఘటన జరిగితే ఏం చేయాలి లాంటి పునాది అంతా వస్తుంది. బౌంటీ హంటర్లకైతే ఏ సర్టిఫికెట్టూ అవసరం లేదు, వాళ్ల రిపోర్టులే వాళ్ల సర్టిఫికెట్.

సీఈహెచ్ విషయంలో ఒక పని చేయండి. మీరు చేరాలనుకునే ఉద్యోగాల ప్రకటనలు ఇరవై తీసి, ఎన్నిట్లో దాని పేరు ఉందో లెక్కపెట్టండి. సగానికి పైగా ఉంటే చేయండి, లేకపోతే ఆ డబ్బూ సమయమూ ల్యాబ్‌లో పెట్టండి.

ఓఎస్‌సీపీకి తేదీ తీసుకునే ముందు నేను వాడే కొలత వేరు. హ్యాక్ ద బాక్స్‌లో మీరు ముందు చూడని పాత మెషీన్లు ఐదు తీసుకోండి. వాటి మీద ఎవరైనా రాసిన వివరణలు తెరవొద్దు. అందులో మూడింటిని మీ అంతట మీరే సాధించి, మూడింటికీ రిపోర్ట్ రాయండి. ఆ రిపోర్టుల్లో ఒకదాన్ని ఈ రంగం తెలియని ఒకరికి చదవమని ఇవ్వండి. ఎక్కడ లోపం ఉంది, దాంతో ఏం పోతుంది, ఏం సరిచేయాలి అన్నది వాళ్లు మీకు తిరిగి చెప్పగలిగితే తేదీ తీసుకోండి. చెప్పలేకపోతే ఇంకో నెల ఆగి, అదే రిపోర్ట్‌ను తిరగరాయడంతో మొదలుపెట్టండి.